రాణి ముఖం మీద ముడతలు

ఎమ్మిగనూరు జాతరలో నాటకం ఉందంటే ఆ రోజుల్లో జనం అడిగే మొదటి మాట, "రాణి ఎవరు, కాశప్పేనా?" అని. అవునంటే కౌతాళం వైపు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవారు. తెలుగు సరిగా రాని కన్నడ ఆడవాళ్ళు సైతం ముందు వరసల్లో చాపలు పరుచుకుని కూర్చుని, రాణి అడవిపాలైన ఘట్టం వచ్చేసరికి కొంగుతో కళ్ళు తుడుచుకునేవారు. తెల్లారి అదే రాణి పంచె ఎగగట్టి, గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని చీర నేస్తుంటే, పొరుగూళ్ళ వాళ్ళు వాకిట్లో నిలబడి తొంగిచూసేవారు. కాశప్ప తల ఎత్తేవాడు కాదు. లోలోపల నవ్వుకుని దారం నాడెను ఇటు నుంచి అటు విసిరేవాడు.

వాళ్ళది తాతల నాటి నేతపని. నేతగాళ్ళ సంఘం నుంచి నూలు తెచ్చుకోవడం, నేసిన చీరలు సంఘానికే వేయడం. మీసాలు ఇంకా మొలవని వయసులో, రాణివేషం కట్టవలసిన మనిషి జ్వరంతో పడుకుంటే, నాటకం ఆడించే బడిపంతులు వెంకోబారావు కళ్ళు కాశప్ప మీద పడ్డాయి. సన్నని కోల ముఖం, నున్నని చెంపలు, గొంతు ఇంకా మారలేదు. "ఒక్క రోజుకే కదా" అని వాళ్ళ నాన్నను ఒప్పించి తీసుకుపోయాడు. ఆ ఒక్క రోజు ఇరవై ఏళ్ళకు పైగా సాగింది. నాటకాలు రాసేది, పాటలు కట్టేది, హార్మోనియం వాయించేది అన్నీ వెంకోబారావే. రాణి పాత్ర మాత్రం కాశప్పను దృష్టిలో పెట్టుకునే రాసేవాడు.

వేషం అంటే అప్పట్లో మాటలు కాదు. తెల్లని సఫేదా పొడి, పసుపుపచ్చని అర్దళం రాతి మీద మెత్తగా నూరి, నీళ్ళతో కలిపి ముఖానికి దట్టంగా పట్టించేవారు. ఆ రంగు ఆరేకొద్దీ చర్మాన్ని బిగలాగేది. ఆట ముగిశాక బట్టల సబ్బు పెట్టి రుద్దితే సగం పోయేది. మిగతా సగం చెవుల వెనకా, కనుబొమల్లోనూ ఇంకో రెండు రోజులు ఉండిపోయేది. ముఖం మంటపుట్టినా కాశప్ప పట్టించుకునేవాడు కాదు. వయసులో ఉన్నాడు, తెల్లారేసరికి మళ్ళీ నున్నగా అయ్యేది.

భార్య నీలమ్మ కాపరానికి వచ్చిన కొత్తలోనే అతనికి కుచ్చిళ్ళు పొయ్యడం నేర్పింది. అంతకు ముందు అతను చీరను ఏదో చుట్టబెట్టుకుని తాడుతో కట్టేవాడు. తన పెళ్ళిచీర కూడా రాణికి ఇచ్చింది. పగలంతా రాట్నం దగ్గర కూర్చుని నూలు కండెలు చుట్టేది, సాయంత్రానికి పొయ్యి ముందు కూర్చునేది. నాటకం ఎట్లా ఉందని ఎప్పుడైనా అడిగితే, "బాగుండె. రెండో అంకంలో చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టినట్లు ఉండె" అనేది. అంతకు మించి ఒక్క మాట పొగిడేది కాదు. కాశప్ప కూడా మళ్ళీ అడిగేవాడు కాదు.

ఇట్లా సాగుతుండగా ఊళ్ళోకి కరెంటు వచ్చింది. అంతవరకు పెట్రోమాక్సు లైట్ల వెలుతురులో, ఆ పసుపు మసకలో, రాణి ముఖం నిండు చందమామలా కనిపించేది. ఆ ఏడు జాతరలో పందిరి నిండా కరెంటు బల్బులు వేలాడదీశారు. జనం నాటకం కంటే ముందు బల్బుల్నే చూశారు. తెర లేచింది. కాశప్ప ఎప్పటిలాగే వచ్చాడు, ఎప్పటిలాగే పాడాడు. ఈలలు తగ్గలేదు, చప్పట్లు తగ్గలేదు.

తెల్లారి సంఘం వసారాలో నూలు కోసం వరసలో నిలబడినప్పుడు, అటు తిరిగి మాట్లాడుకుంటున్న ఇద్దరి మాటలు చెవిన పడ్డాయి.

"రాణెమ్మకు వయసయిపాయ కదరా."

"అవున్రా. నవ్వితే రంగంతా బీటలిచ్చె. రేగడి చేను సూసినట్టుండె."

కాశప్ప నూలు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాడు. వేషానికి వాడే చిన్న అద్దం తీసుకుని పెరట్లో ఎండలోకి పోయాడు. ఆ అద్దంలో ముఖం చూసుకోవడం అతనికి కొత్త కాదు. కానీ ఎప్పుడూ లోపల, దీపం దగ్గరే చూసుకున్నాడు. ముక్కు పక్కల నుంచి నోటి కొసలదాకా రెండు గీతలు లోతుగా దిగి ఉన్నాయి. నుదుటి మీద సన్నని ముడతలు. బుగ్గ మీద వేలు పెట్టి లాగితే గీత మాయమవుతుంది, వదిలితే మళ్ళీ వస్తుంది. అతనికి అప్పటికి నలభై కూడా నిండలేదు.

నాలుగు రోజులకు వెంకోబారావు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు. వాన గురించి, నూలు గురించి మాట్లాడాడు. చివరికి అసలు మాట తీశాడు. "బళ్ళారిలో హంపమ్మ అని ఒక అమ్మాయి ఉందట కాశప్పా. బాగా పాడుతుందంటున్నారు. వచ్చే జాతరకు పిలుద్దామని కమిటీవాళ్ళు అడుగుతున్నారు."

కాశప్ప నేల చూపులు చూస్తూ, "ఇంకొక్క ఏడు నన్ను కట్టనియ్యండి సార్" అన్నాడు.

వెంకోబారావు నీళ్ళ చెంబు పక్కకు జరిపాడు. "సరేలే. ముఖం కొంచెం చూసుకో మరి" అని లేచాడు.

అప్పటి నుంచి కాశప్పకు అదే ధ్యాస. మీగడ రాసుకున్నాడు. పెసరపిండి రుద్దుకున్నాడు. రాజువేషం కట్టే తిక్కయ్య, "కోడిగుడ్డు తెల్లసొన పూసుకోప్పా. సినిమావోళ్ళంతా అదే పూస్తారంట" అని చెప్పాడు. నీలమ్మ ఇంట్లోకి గుడ్డు రానివ్వదు. అందుకని తిక్కయ్య వాళ్ళ దొడ్లో ముఖమంతా పూసుకుని కూర్చున్నాడు. సొన ఆరి ముఖం పలకలా బిగుసుకుంది. "ఇప్పుడు సూడు, పిల్లోని మాదిరి ఉండావు" అని తిక్కయ్య అనగానే నవ్వొచ్చింది. నవ్వేసరికి పెళుసుగా చిట్లింది. ఈగలు ముసిరాయి. నీచువాసన పోవడానికి వంకకు పోయి స్నానం చేసి వచ్చాడు. నీలమ్మ ముక్కు పుటాలు ఎగరేసింది.

చివరికి, సంఘంలో నూలుకు రంగులు కావాలన్నారని నీలమ్మకు చెప్పి ఆదోని బస్సెక్కాడు. ఎండాకాలం, పత్తి బండ్ల రద్దీ తగ్గినా, బజారులో గాలికి దూదిపింజలు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి. రంగనాథంశెట్టి షాపు అంటే అప్పట్లో ఆదోనిలో అందరికీ తెలుసు. అద్దాల బీరువాల నిండా పౌడరు డబ్బాలు, వాసన నూనెలు, రిబ్బన్లు, ముఖానికి పూసే స్నో సీసాలు. కాశప్ప రెండుసార్లు షాపు ముందు నుంచి అటూ ఇటూ నడిచి, షాపులో ఎవరూ లేనప్పుడు లోపలికి పోయాడు.

"ఏం కావాలప్పా?" అన్నాడు రంగనాథం.

"ముఖానికి... ముడతలు పోయేదానికి ఏమన్నా ఉందా శెట్టీ? మా ఇంటిదానికి."

రంగనాథం బీరువా తెరిచి ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. నీలం సీసాలో స్నో. పొట్టి గాజు డబ్బీలో కోల్డు క్రీము. రేకు డబ్బీలో వేసలీను. పొడుగు బుడ్డిలో గ్లిజరిను. ప్రతి దాని మీదా నవ్వుతున్న దొరసాని బొమ్మ. కాశప్ప ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని మూత తిప్పి వాసన చూశాడు. అన్నీ మంచి వాసనే వేస్తున్నాయి. ఏది పనికొస్తుందో ఏది రాదో ఎట్లా తెలుస్తుంది?

"ఇవి ఏరి ఇచ్చేది మా అమ్మ" అన్నాడు రంగనాథం. "ఆడవాళ్ళంతా ఆమెనే అడుగుతారు. అమ్మా, ఇట్లా చూడు."

లోపలి గడప దగ్గర పీట మీద కూర్చుని చెన్నమ్మ వక్కలు కత్తిరిస్తున్నది. అరవై దాటిన మనిషి. తెల్లగా నెరిసిన తల. కళ్ళ కొసల్లో ముడతలు ఉన్నాయి గాని, ముఖం మెత్తని పాతబట్టలా కళగా ఉంది. కాశప్పను దగ్గరికి పిలిచి, అడగడం మొదలుపెట్టింది.

"నీ భార్య ముఖం జిడ్డు తేలుతుందా, పొడిగా ఉంటుందా?"

కాశప్ప ఆలోచించాడు. "పొడిగానే అమ్మా" అన్నాడు.

"ముడతలు యాడ పడినాయి? కండ్ల కాడనా, నొసటి మీదనా?"

"నోటి పక్కల."

"ఎండలో పని చేస్తుందా?"

"లేదమ్మా. మగ్గం కాడే, నీడలోనే."

"మరి నీడలో ఉండే మనిషికి ఇంత తొందరగా నోటి పక్కల ఎందుకు పడినాయి?"

"రంగు పూసి పూసి..." అనేసి కాశప్ప నాలుక కరుచుకున్నాడు.

చెన్నమ్మ అడకత్తెర పక్కన పెట్టింది. అతని ముఖంలోకి పరీక్షగా చూసింది. "మీ ఊరు ఎమ్మిగనూరు కదప్పా? జాతరలో రాణివేషం కట్టేది నువ్వే కదా? నేను రెండుసార్లు చూసినాను."

కాశప్పకు చెవులు వేడెక్కాయి. పారిపోదామనిపించింది. కానీ ఆమె నవ్వలేదు. కొడుకు వైపు తిరిగి ఆ నీలం సీసా లోపల పెట్టెయ్యమంది.

"స్నో నీకు వద్దు. పూసుకున్న పూట నున్నగానే కనపడుతుంది. పొడి చర్మాన్ని ఇంకా ఎండగొడుతుంది. నీకు చమురున్నది కావాల. ఈ కోల్డు క్రీము తీసుకో. రంగు వేసే ముందు ఇది పలచగా రాసి, దాని మీద వేసుకో. రంగు తీసేటప్పుడు సబ్బు ముట్టొద్దు. కొబ్బరినూనెతో మెల్లగా తుడిచి, పెసరపిండితో కడుక్కో. ఎండలో పోయేటప్పుడు నెత్తి మీద తువ్వాల ముందుకు లాక్కో. మా ఇంట్లో పత్తిచేలు చూడను పోయేవాళ్ళ ముఖాలు చూస్తే తెలుస్తుంది, ఎండ ఏం చేస్తుందో."

"ఉండేవి పోతాయా అమ్మా?"

"పోవు. పోతాయని చెప్పి అమ్మను. ఇంకా లోతు పడకుండా ఉంటాయి. ముఖం మెత్తబడుతుంది." ఆమె డబ్బీని కాగితంలో చుట్టించి అతని చేతికి ఇచ్చింది. "అది సరే. నీ భార్యకని వచ్చినావు కదా. ఆమె ముఖం ఎట్లుంటుంది? ఆమెకు యాడ పడినాయి?"

కాశప్ప చేతిలోని పొట్లం చూశాడు, బల్ల మీది దొరసాని బొమ్మల్ని చూశాడు. 

"ఇంటికి పోయి చూసి రా. మళ్ళా వచ్చినప్పుడు చెబుదువు" అని చెన్నమ్మ అడకత్తెర అందుకుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కాశప్ప నీలమ్మ ముఖం గుర్తుకు తెచ్చుకోబోయాడు. రాట్నం తిప్పే చెయ్యి గుర్తుకొచ్చింది. గజ్జెలు లేని కాలి కడియం గుర్తుకొచ్చింది. "అన్నం పెట్టినా, లెయ్యి" అనే గొంతు గుర్తుకొచ్చింది. పెళ్ళిలో తలంబ్రాల కింద వంచుకున్న ముఖం, పసుపు కారుతున్న బుగ్గ గుర్తుకొచ్చాయి. ఆ తర్వాతది ఏదీ రాలేదు. తన ముఖం వేలి కొసంత మేర కూడా వదలకుండా తెలుసు అతనికి. ఏ పక్క నుంచి చూస్తే బాగుంటుందో, ఏ పక్క తిప్పకూడదో తెలుసు. ఇన్నేళ్ళుగా ఎదురుగా కూర్చుని కండెలు అందించే మనిషి ముఖం మాత్రం మసకగా ఉంది. దిగేదాకా అతనికి మనసు మనసులో లేదు.

ఇంటికి వచ్చేసరికి నీలమ్మ వాకిటి వెలుతురు కోసం రాట్నం గడప దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. కాశప్ప కాళ్ళు కడుక్కుని, లోపలికి పోకుండా ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"ఏమయ్యా, అట్ల సూస్తాండావు?"

"ఊరికే. నువ్వు తిప్పు."

కనుబొమల మధ్య నిలువుగా రెండు గీతలు. దారం తెగిందేమోనని కళ్ళు చికిలించి చూసి చూసి పడినవి. ఎడమది కొంచెం పొడుగు. కళ్ళ కొసల్లో సన్నని గీతలు విచ్చుకున్నాయి. పెదవి ఒకచోట పగిలి, మానుతూ ఉంది. ఎడమ చెంప మీద గోధుమరంగు మచ్చ ఒకటి. అది ఎప్పటి నుంచి ఉందో! బహుశా పెళ్ళినాడు కూడా ఉందేమో.

"ఆదోనిలో ఏం తెచ్చినావు? సంచిలో రంగులు ల్యావే."

కాశప్ప డబ్బీ తీసి ఆమె ముందు పెట్టాడు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నాకని తెచ్చుకున్నా. అంగట్లో సిగ్గయ్యి, నీకని సెప్పినా. ఆ శెట్టెమ్మ నీ ముఖం ఎట్లుంటుందని అడిగె. నాకు సెప్పను రాల్యా."

నీలమ్మ రాట్నం ఆపింది.  ఆమె డబ్బీ మీది దొరసానిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈమెకు కండెలు సుట్టే పని ల్యాదు" అని నవ్వింది. "నాకెందుకులే. సేతికి జిడ్డయితే నూలుకు అంటుతుంది. సీర మీద మచ్చ పడితే సంఘపోళ్ళు తీసుకోరు."

"అమావాస్యనాడు మగ్గం ఎట్లాగూ ఎక్కం కదా."

ఆమె మళ్ళీ రాట్నం తిప్పడం మొదలుపెట్టింది.

నేతపనివాళ్ళకు అమావాస్య సెలవు. ఆ అమావాస్యనాడు నీలమ్మ తలంటుకుని పెరట్లో జుట్టు ఆరబెట్టుకుంటుంటే కాశప్ప డబ్బీ తీసుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా తన ముఖానికి రంగు పూసుకున్న చెయ్యి అది. మూడు వేళ్ళతో కాసింత తీసుకుని, నుదుటి మీద చుక్కలు పెట్టి, కనుబొమల మధ్య కింద నుంచి పైకి మెల్లగా రాశాడు. కళ్ళ కొసల్లో గుండ్రంగా తిప్పాడు. "ఎవరన్నా సూస్తారు" అంటూనే ఆమె కళ్ళు మూసుకుంది. గులాబీ వాసన వేసింది పెరడంతా. రాయడం అయిపోయినా ఆమె చాలాసేపు కళ్ళు తెరవలేదు. కాశప్ప మిగిలింది తన ముఖానికి రాసుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

మళ్ళీ ఆదోని పోయినప్పుడు చెన్నమ్మ ముందు నిలబడి, అడగకుండానే చెప్పుకుపోయాడు. కనుబొమల నడుమ రెండు, ఎడమది పొడుగు. కళ్ళ కొసల్లో సన్నవి. చర్మం గంజి పెట్టిన బట్టలా గరుకు. పెదవి పగులుతుంది, వేళ్ళ కొసలు పగులుతాయి. నోటి పక్కల మాత్రం ఏమీ లేవు.

చెన్నమ్మ శ్రద్ధగా విని, గ్లిజరిను బుడ్డి, పన్నీరు బుడ్డి రెండూ ఇప్పించింది. "రెండూ కలిపి పనంతా అయినాక చేతులకు, పెదవులకు రాయమను. పొద్దున కడిగేస్తే నూలుకు అంటదు. ముఖానికి మాత్రం నీ కోల్డు క్రీమే ఇద్దరికీ సరిపోతుంది. ఇంకొకటి చెప్పు, చీకట్లో కండెలు చుట్టొద్దని. కరెంటు దీపం పెట్టించుకోండి. కండ్లు చికిలించేది తగ్గితే ఆ గీతలు పెరిగేది తగ్గుతుంది."

జాతర వచ్చింది. ఆ ఏడు రంగు కింద కోల్డు క్రీము రాసుకున్నాడు. వేషం వేస్తున్నంతసేపు తిక్కయ్య పక్కనే నిలబడి చూశాడు. బల్బుల వెలుతురులో రాణి నవ్వినా ఏడ్చినా రంగు చెదరలేదు. అడవి ఘట్టంలో ఆడవాళ్ళు మళ్ళీ కొంగులు కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. ఆట అయ్యాక వెంకోబారావు హార్మోనియం మూసి, "పోయిన ఏడు కంటే చిన్నవాడివైపోయినావు కదయ్యా. వచ్చే ఏటికి కొత్త నాటకం రాస్తాను" అన్నాడు.

కాశప్ప కొబ్బరినూనెతో చెంపల మీది రంగు తుడుచుకున్నాడు. "రాయండి సార్. రాణికి ఆ బళ్ళారి అమ్మాయిని పిలిపించండి" అన్నాడు.

"అదేమప్పా, ఇంత బాగుంటే?"

"బాగున్నప్పుడే సాల్లే సార్. ఈ పొద్దు పాడతాంటే ఊపిరి అందల్యా. ముఖానికి క్రీము పూస్తి, గొంతుకేం పూసేది?"

వెంకోబారావు నచ్చజెప్పబోయాడు గాని, కాశప్ప వినలేదు. ఆ రాత్రి చీర మడతపెట్టి నీలమ్మకు ఇచ్చాడు. ఆమె చీర అందుకుని, అతని చెయ్యి వెంటనే వదల్లేదు.

మరుసటి జాతరకు హంపమ్మ వచ్చింది. ఇరవై దాటిన పిల్ల. వాళ్ళమ్మ తోడుగా వచ్చింది. అద్దం ముందు కూర్చుని సఫేదా గిన్నె అందుకోబోతే కాశప్ప ఆపాడు. "ముందు ఇది పూసుకో తల్లీ" అని డబ్బీ మూత తీశాడు. ఇన్నాళ్ళూ ఎవరూ ఈ మాట చెప్పలేదని హంపమ్మ కన్నడంలో వాళ్ళమ్మతో అంది. బుగ్గల మీద అప్పటికే గరుకు పొర ఒకటి లేచి ఉంది. కాశప్ప తన చేత్తోనే రాసి, రంగు వేశాడు, కాటుక దిద్దాడు, కుచ్చిళ్ళు నీలమ్మ పోసింది. హంపమ్మ బాగా ఆడింది. ఆమె పాడుతుంటే తెర పక్కన నిలబడిన కాశప్ప పెదవులు కూడా కదులుతూనే ఉన్నాయి. ఆట మధ్యలో ఎవరో "కాశప్ప ఉంటే ఇంకా..." అన్నారు. విని సంతోషపడ్డాడు, కొంచెం బాధా పడ్డాడు. 

అప్పటి నుంచి జాతరలో ముఖాలకు రంగు వేసే పని అతనిదే అయింది. ఎమ్మిగనూరులోనే గాక చుట్టుపక్కల ఊళ్ళ నాటకాలకు కూడా పిలుచుకుపోయేవారు. ఎక్కడికి పోయినా సంచిలో కోల్డు క్రీము డబ్బీ, కొబ్బరినూనె సీసా, పెసరపిండి మూట ఉండేవి. ఆదోనిలో చెన్నమ్మ కాలం చేశాక ఆమె పీట మీద కోడలు కూర్చుంది. ఆమె కూడా అవే ప్రశ్నలు అడిగేది.

ముడతలు మాత్రం ఆగలేదు. ఏడాదికేడాది ఇద్దరికీ కొత్తవి పడ్డాయి. అమావాస్యనాడు మధ్యాహ్నం వాళ్ళ పెరట్లోకి తొంగిచూసినవాళ్ళకు, మెరుస్తున్న ముఖాలతో మొగుడూ పెళ్ళాలిద్దరూ పక్కపక్కన కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటూ కనిపించేవారు. వీధిలో నవ్వుకునేవారు. ఒకసారి పక్కింటి ఆమె ఉండబట్టలేక నీలమ్మను అడిగింది. "మీ ఆయప్ప వేషాలు మానుకుండె కదక్కా, ఇంకా ఆ క్రీము ఎందుకు?"

నీలమ్మ శనక్కాయ పొట్టు చాటలోకి ఊది, "సలికాలం కదమ్మా. పగులుతుంది" అంది.